వచ్చే ఏడాది మీ వంతు

నాగవేణి పిల్లవాడి పాదాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని, మడమ జారకుండా బొటనవేలితో నొక్కిపట్టి, మెల్లగా పైకి వంచింది. తొందరపడితే కండరం బిగుసుకుంటుంది. ఒకసారి బిగుసుకుందంటే ఆ పూటకి కొలత రాదు. మనసులో ఐదు దాకా లెక్కపెట్టింది. పిక్కలో బిగువు కాస్త సడలింది. అప్పుడు కోణం కొలిచే ప్లాస్టిక్ స్కేలును చీలమండ పక్కన ఆనించి చూసి, "కుడికాలు, ఎనిమిది" అని తనకి తనే చెప్పుకుంటూ ఫారంలో వేసింది.

"ఎక్కువొచ్చిందాండీ?" అంది పిల్లవాడి తల్లి సింధూరి.

"పోయినసారి సున్నా అమ్మా. బాగా వంగుతోంది."

ఇబ్రహీంపట్నంలో థర్మల్ పొగగొట్టాలు కనిపించే వీధిలో రెండు గదుల ఇల్లు అది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న జయంత్‌కి ఆరేళ్ళు. రెండేళ్ళ క్రితం నాగవేణి మొదటిసారి వచ్చినప్పుడు చాప మీద వెల్లకిలా పడుకుని, తల ఒక పక్కకే తిప్పి, పంకా రెక్కల్ని చూస్తూ ఉండేవాడు. ఇప్పుడు ప్రాజెక్టు వాళ్ళిచ్చిన చెక్క కుర్చీలో నడుముకి పట్టీ కట్టుకుని కూర్చున్నాడు. లావుపాటి పిడి ఉన్న చెంచాతో ఇడ్లీ తింటున్నాడు. సగం బుగ్గలకి పోతోంది, సగం నోట్లోకి పోతోంది. నోట్లోకి పోయిన ప్రతిసారీ తల్లివైపు చూస్తున్నాడు.

నాగవేణి ఫారం తిరగేసి ప్రశ్నలు చదివింది. పద్నాలుగో ప్రశ్న దగ్గర ఎప్పటిలాగే గొంతు తగ్గించింది.

"బిడ్డ మీకు భారంగా అనిపిస్తుందా? ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, ఎన్నడూ లేదు."

సింధూరి మొహం గంటుపెట్టుకుంది. "ఈ ప్రశ్న రాసినాయనకి పిల్లలున్నారాండీ?"

"ఏమోనమ్మా. నేను అడిగేదాన్నే గానీ రాసేదాన్ని కాదు."

"ఎన్నడూ లేదని రాసుకోండి. కింద గీత కూడా గియ్యండి."

గీత గియ్యడానికి చోటు లేదు. అయినా నాగవేణి గీసింది.

బస్సులో ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుని కిటికీ పక్కన కూర్చుంది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టిగా, కాస్త ముందుకి వంగినట్టు ఉంటుంది. పెడనలో మగ్గాల ఇంట పుట్టింది. ఏడేళ్ళకే కండెలు చుట్టడం మొదలుపెట్టి, పదహారేళ్ళకి మగ్గం గుంటలో దిగింది. అప్పటి వంపు అది. దారం ఎక్కడ తెగబోతోందో చూపుడువేలుకి ముందే తెలిసేది. ఇప్పుడు పిల్లల కాళ్ళు పట్టుకున్నప్పుడు అదే వేలుకి బిగువు తెలుస్తుంది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, ఎవరూ అడగలేదు కనుక.

పెళ్ళయి విజయవాడ వచ్చాక ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళు తిరుగుతోంది. పోలియో చుక్కలు, కుష్ఠు సర్వే, బోదకాలు మాత్రలు, ఇంట్లో ఎందరు, మరుగుదొడ్డి ఉందా. ప్రాజెక్టు అయిపోగానే ఉద్యోగమూ అయిపోయేది. మళ్ళీ ఇంకో ప్రాజెక్టు వచ్చేది. ఇంట్లో తలుపు వెనక మేకుకి తొమ్మిది ఐడీ కార్డులు వేలాడుతున్నాయి. వన్‌టౌన్ బట్టల కొట్లో రోజంతా నిలబడి పనిచేసి వచ్చే భర్త కాళ్ళు చాపుకుంటూ, "ఇన్నిళ్ళు తిరిగావు, ఎవరికైనా ఏమైనా ఇచ్చావుటే?" అని ఎగతాళి చేసేవాడు. చుక్కలూ మాత్రలూ ఇచ్చానుగా అనేది. అదొక్కటే జవాబు.

ఈ ప్రాజెక్టులో జయంత్‌లాంటి పిల్లలు అరవై మంది. వాళ్ళని కంప్యూటరే చీటీలు తీసినట్టు ఎ, బి అని రెండు గ్రూపులు చేసింది. ఎ గ్రూపు ఇళ్ళకి కుర్చీ ఇచ్చి, బిడ్డని ఎలా కూర్చోబెట్టాలో, ఎలా తినిపించాలో, కాళ్ళు ఎలా సాగదియ్యాలో నేర్పారు. బి గ్రూపు ఇళ్ళలో ఆర్నెల్లకోసారి కొలతలు తీసుకుంటారు, అంతే. రెండేళ్ళు గడిచాక వాళ్ళకీ నేర్పుతామని సంతకాలు పెట్టించుకున్నారు. "బి గ్రూపు దగ్గర మీరు కెమెరా లాంటివాళ్ళు మేడమ్. చూడాలి, రాయాలి. నోరు విప్పితే స్టడీ పాడవుతుంది" అని కోఆర్డినేటర్ సిద్ధార్థ మొదటిరోజే చెప్పాడు. మంచి కుర్రాడు. ఎండలో తిరిగొస్తే మంచినీళ్ళు తనే తెచ్చిస్తాడు.

బెంజ్ సర్కిల్ దగ్గర దిగి, నీడ చూసుకుని, డబ్బాలోని పెరుగన్నం నిలబడే తినేసింది. ఇంకో బస్సు పట్టుకుని కంకిపాడు దాటాక కాలవ కట్ట దగ్గర దిగింది. మార్చి ఎండ అప్పుడే మాడుస్తోంది. బి గ్రూపు పదిహేడో నంబరు. దీవెన, ఐదేళ్ళు. తల్లి మార్తమ్మ పొలం పనులకి వెళ్తుంది.

ఆ ఇల్లంటే నాగవేణికి బెరుకు. పోయిన సెప్టెంబరులో వచ్చినప్పుడు మార్తమ్మ దీవెనని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని పాలు పడుతోంది. గుటక గుటకకీ దీవెన పొలమారుతోంది. గొంతులో గురగురమని చప్పుడు. "అక్కా, ఇట్టా అవుతంది రోజూ. ఏం చెయ్యాలో చెప్పరూ?" అంది మార్తమ్మ. ఫారంలో ఆ గడి ఉంది. పొలమారడం: అవును, కాదు. నాగవేణి 'అవును' దగ్గర టిక్కు పెట్టింది. ఎ గ్రూపు ఇళ్ళలో నేర్పేటప్పుడు పక్కన కూర్చుని వినీ వినీ ఆ పాఠం ఆమెకి నోటికొచ్చు. రెండు నిమిషాల మాట. నాలుక దాకా వచ్చింది. "వచ్చే ఏడాది మీ వంతమ్మా" అని లేచి వచ్చేసింది. ఆ రోజు బస్సు కోసం కట్ట మీద గంటసేపు నిలబడింది. వెనక్కి వెళ్ళి చెప్పడానికి ఆ గంట చాలు. వెళ్ళలేదు.

రేకుల పంచలో మార్తమ్మ మినుములు చెరుగుతోంది. నులకమంచం కడిగి గోడకి నిలబెట్టి ఉంది. నాగవేణి చెప్పులు విడిచి, సంచీలోంచి స్కేలు తీస్తూ, "దీవెనేది మార్తమ్మా? లోపల పడుకుందా?" అంది.

మార్తమ్మ చేట ఆపలేదు. "లేదక్కా. పోయింది. రేపటికి తొమ్మిది రోజులు."

నాగవేణి చేతిలో స్కేలు అలాగే ఉండిపోయింది.

"జరమొచ్చింది. రొప్పింది. ఉయ్యూరు తీసుకెళ్తే బెజవాడ పొమ్మన్నారు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతన్నయ్యంట. ఇయ్యాళా నిన్నా కాదు, చానాళ్ళ నుంచీ పోతన్నయ్యన్నాడు డాక్టరు. మూడో రోజు పోయింది. చర్చి ఎనకాల పెట్టాం."

"నాకు ఫోన్ చెయ్యకపోయావా అమ్మా?"

"మీ కాగితం మీదున్న నంబరుకి చేశా. ఏ గ్రూపని అడిగింది ఒకమ్మాయి. బీ అన్నా. సరే, రాసుకుంటాలే అంది." మార్తమ్మ చేట కింద పెట్టి మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది. "రాసుకున్నారా?"

నాగవేణి ఇప్పుడే వస్తానని చెప్పి కట్ట మీదికి నడిచి సిద్ధార్థకి ఫోన్ చేసింది.

"చెప్పండి మేడమ్. కంకిపాడు సైడ్ అయిపోయిందా?"

"బి పదిహేడు చనిపోయిందండీ."

అవతల కీబోర్డు టకటక ఆగింది. "అయ్యో." మళ్ళీ టకటక మొదలైంది. "సరే మేడమ్, ఫారంలో ఏడు వెయ్యండి."

"ఏడంటే ఫాలోఅప్‌కి దొరకలేదని గదండీ."

"అదే. మీరు వెళ్ళినప్పుడు పాప లేదు కదా. టెక్నికల్‌గా దొరకనట్టే." తర్వాత గొంతు మెత్తబరిచాడు. "శుక్రవారం డేటా క్లోజ్ చేస్తున్నాం. ఇప్పుడు డెత్ అని వేస్తే ఎథిక్స్ కమిటీకి రిపోర్టు, ఎంక్వైరీ, రీసెర్చ్ పేపర్ ఏడాది వెనక్కిపోతుంది. ఆ పేపర్ వస్తేనే కదండీ గవర్నమెంటు ఈ ట్రైనింగ్ అన్ని జిల్లాల్లో పెట్టేది. వేలమంది పిల్లలు బాగుపడతారు. ఆలోచించండి."

అతను చెప్పేదాంట్లో చివరి మాట అబద్ధం కాదు. అందుకే ఆమెకి ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళలో ఆఫీసు వాళ్ళతో గొంతెత్తి మాట్లాడిన మనిషి కాదు. ఇప్పుడు కట్ట మీద పోతున్న సైకిలతను ఆగి చూసేంత గట్టిగా మాట్లాడింది.

"పాప దొరికిందండీ. చర్చి వెనకాల ఉంది. వెళ్ళి కాలు కొలుచుకు రమ్మంటారా?"

"మేడమ్, ప్లీజ్. అంత ఎమోషనల్ అయితే..."

"పోయిన దసరాకి ఆఫీసులో స్వీట్లు పంచారు, గుర్తుందా? సగం లెక్కలకే తేలిపోయింది, ట్రైనింగ్ బ్రహ్మాండంగా పనిచేస్తోందన్నారు. నేనూ ఒక కాజా తిన్నాను. ఆ రోజు ముప్పై ఇళ్ళకి ఫోన్ చేస్తే ఎంతసేపు పట్టేదండీ?"

"మధ్యలో చెప్తే స్టడీ పాడైపోతుంది కదండీ."

"పాడవలేదుగా. మీ స్టడీ నిక్షేపంలా ఉంది."

ఫోన్ పెట్టేసింది. కట్ట మీదే చతికిలబడి, ఫారం ఒళ్ళో పెట్టుకుని, ఏడు ఉన్న గడిని నిలువునా కొట్టేసింది. కింద ఖాళీలో, నంబరు తప్ప పేరు రాయకూడదన్న చోట, 'దీవెన చనిపోయింది' అని రాసింది. 'పాలు పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోయాయి. తల్లి సెప్టెంబరులో అడిగింది. ఎలా పట్టాలో మాకు తెలుసు. చెప్పలేదు.' కింద తన పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది. ఫోటో తీసి సిద్ధార్థకీ, ఫీల్డ్ వర్కర్లందరూ ఉన్న వాట్సాప్ గ్రూపుకీ పంపేసింది. మెడలో కార్డు తీసి సంచీలో పడేసుకుంది.

తిరిగి వెళ్ళేసరికి మార్తమ్మ అక్కడే కూర్చుని ఉంది.

"ఏందక్కా ఆ నేర్పేది?" అంది. "రెండేళ్ళ తర్వాత నేర్పుతామన్నది ఇప్పుడు చెప్పు. నేనేం చేసుంటే బతికేదో చెప్పు."

"ఇప్పుడెందుకు మార్తమ్మా..."

"ఇప్పుడే చెప్పు." అంతవరకూ మీరు అన్న మనిషి నువ్వు అంటోంది. "నువ్వు చెప్పకుండా ఇక్కణ్ణించి కదల్లేవు."

నాగవేణి గోడకి వీపు ఆనించి కూర్చుంది. దండెం మీదున్న దుప్పటి అడిగి తీసుకుని, మడిచి, ఒళ్ళో నిలువుగా నిలబెట్టుకుంది. "పడుకోబెట్టి పట్టకూడదు. ఇలా కూర్చోబెట్టాలి. వీపు మన పొట్టకి ఆనాలి. తల వెనక్కి వాలకుండా మోచెయ్యి అడ్డం పెట్టాలి. గడ్డం కొంచెం కిందికి. పాలు మరీ పల్చగా ఉండకూడదు, కాస్త జావలా చిక్కబరచాలి. కొంచెం పోసి, మింగిందాకా ఆగి, మళ్ళీ కొంచెం. తాగాక అరగంట పడుకోబెట్టకూడదు."

మార్తమ్మ ఇంకా ఉంటుందని చూస్తోంది. నాగవేణి ఆగిపోయింది.

"ఇంతేనా?"

నాగవేణి దుప్పటిని ఒళ్ళోంచి దించింది.

"ఇంతేనా అక్కా? దీనికి రెండేళ్ళా?" మార్తమ్మ చేట ఎత్తి విసిరింది. మినుములు పంచంతా చెల్లాచెదురయ్యాయి. "ఎంతసేపు చెప్పావ్ నువ్విప్పుడు? అన్నం ఉడికినంతసేపు కూడా కాదే! కుర్చీ ఇవ్వకపోతే పొయ్యారు, ఈ మాట చెప్తే మీ సొమ్మేం పోయింది?"

క్షమించమనడానికి నాగవేణికి నోరు రాలేదు. ఆ మాట అంటే మార్తమ్మ దాన్ని తీసుకోవాల్సి వస్తుంది. అది కూడా ఆమె నెత్తిన పెట్టడం ఇష్టంలేక ఊరుకుంది. వంగి మినుములు ఏరసాగింది. చాలాసేపు మార్తమ్మ ఏడుపు ఒక్కటే వినిపించింది.

తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని మార్తమ్మ అడిగింది. "నీ లిస్టులో బీ వాళ్ళు ఇంకా ఎంతమందున్నారు?"

"పదకొండు."

"వాళ్ళకీ చెప్పలేదా?"

"లేదు."

"ఎప్పుడు చెప్తావ్?"

నాగవేణి వాచీ చూసుకుంది. మూడున్నర. తర్వాతి పిల్లవాడి ఊరు కాలవకి అవతల, మూడు కిలోమీటర్లు. "ఇప్పుడు వెళ్తున్నాను. రేపు మిగతావాళ్ళు. ఉద్యోగం ఉన్నా లేకపోయినా."

మార్తమ్మ లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ గ్లాసొకటి తెచ్చింది. ఒక పక్క అంచు అర్ధచంద్రంలా కోసి ఉంది. "గుణదల తిరణాల్లో ఒకావిడ తన పిల్లకి ఇట్టాంటి దాంతో తాగిస్తంటే చూశా. ముక్కుకి తగలకుండా ఉంటదంట, తల ఎత్తక్కర్లేదంట. వచ్చి బ్లేడుతో కోశా. కొవ్వొత్తి మీద అంచు కాల్చా, పిల్లకి గుచ్చుకోకుండా. కానీ ఒళ్ళో పడుకోబెట్టే పట్టా. కూర్చోబెట్టాలని ఆవిడ చెప్పలా. నేనడగలా." గ్లాసు చాపింది. "ఇది వాళ్ళకి చూపించు."

నాగవేణి ఆ గ్లాసు పట్టుకుపోదలచుకోలేదు. ఫారాల్లోంచి ఖాళీ కాగితం లాగి, గ్లాసుని దాని మీద పక్కకి పడుకోబెట్టి, కోసిన వంపు చుట్టూ పెన్సిలు తిప్పింది. లోతు కొలిచి, వెడల్పు కొలిచి, పక్కన అంకెలు వేసుకుంది. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని, కట్ట ఎక్కి వంతెనవైపు నడిచింది. మార్తమ్మ గుంజ పట్టుకుని ఆమె వెళ్ళేవరకూ చూసి, మిగిలిన మినుములు ఏరడానికి వంగింది.

పంచ గట్టు మీద పాలరంగు ప్లాస్టిక్ గ్లాసు ఉంది. కోసిన అంచు నున్నగా ఉంది. ఎదురు అంచున మాత్రం రెండు చిన్న పంటిగాట్లు.