మార్లిస్ వదిన బొమ్మ

బొమ్మలు కాలుతుండగా ఎవరూ పోట్లాడకూడదు. కోపం తగిలితే మట్టి పగులుతుంది. రియో గ్రాండే నది ఒడ్డున మా మట్టిమిద్దెల ఊళ్లో, మా ప్యూబ్లోలో, ఇది పాత కట్టడి. కట్టడి పెట్టినవాళ్లకు మా మార్లిస్ వదిన తెలియదు.

ఆ ఉదయం గాలి లేదు. నోరు తెరిచి పాడే ముసలమ్మ బొమ్మను ఇనుప జాలీ మీద నిలబెట్టాను. చేతులు వణుకుతున్నా అమ్మ చలికాలమంతా కూర్చుని చేసింది. ఇది పగిలితే ఇక మట్టి ముట్టనని చెప్పేసింది. అమ్మ పక్కనే కూర్చుని చూస్తుంటే చుట్టూ చిన్న బొమ్మలు సర్ది, రేకులు కప్పుతుండగా వదిన పిడకల సంచితో వచ్చింది.

వదిన అల్బుకెర్కీలో పెరిగిన పిల్ల. మట్టి తవ్వే చోటు చూపించమని పెళ్లయినప్పటి నుంచీ అడుగుతోంది. అది ఇంటి ఆడవాళ్లకే చూపిస్తారు. అమ్మ ప్రతిసారీ ఆకాశం వంక చూసి ఊరుకుంటుంది.

వదిన రేకు సందులోంచి తొంగి చూసింది. లోపల చిన్న బొమ్మల మధ్య, చెవి దగ్గర ఫోన్, కుండంత నోరు ఉన్న ఓ ఆడబొమ్మ.

"ఇది నేనేనా?"

నేను గబగబా పిడకలు పేర్చి అగ్గిపుల్ల గీశాను. మంట వెలిగాక నోళ్లు మూతపడాలి కదా.

పడలేదు. గొంతులు తియ్యగా మారాయి, అంతే.

మా ముత్తవ్వ కాలం నుంచీ, బయటి నుంచి ఊరికొచ్చిన పాదిరీని, వర్తకుణ్ణి, సర్కస్ వస్తాదును బొమ్మలుగా చేసి నవ్వుకుంటున్నాం. కొన్నవాళ్లు వాటిని దేవుళ్లనుకుని అద్దాల బీరువాల్లో పెట్టుకున్నారు.

"పాదిరీ, వర్తకుడు, ఇప్పుడు నేను," వదిన పాకం లాంటి గొంతుతో అంది. "నేనింకా బయటిదాన్నేనా అత్తయ్యా?"

"మెల్లగా, తల్లీ," అమ్మ నవ్వింది.

"మెల్లగానే అంటున్నా. పండక్కి మీ చుట్టాలందరికీ మిరపకాయ కూర వండి వండి నా కళ్లు పోయాయి. మట్టి గుంట ఎక్కడో మీ కుక్కకు తెలుసు, నాకు తెలీదు."

"కుక్క ఎవరికీ ఫోన్ చెయ్యదు బంగారం."

"ఇద్దరూ ఆపుతారా?" నవ్వుతూనే పళ్లు నూరాను.

లోపల టప్పుమంది.

అమ్మ మొహం పాలిపోయింది. పిడకలు బూడిదయ్యేదాకా ముగ్గురం ఫోటో దిగుతున్నట్టు కూర్చున్నాం.

రేకులు తీశాను. ముసలమ్మ తెల్లగా, మచ్చ లేకుండా ఉంది. వదిన బొమ్మకే చెయ్యి ఊడింది, ఫోన్‌తో సహా.

మంట ఆరింది కనుక వదిన అరిచింది. "నా నోరు ఇంతుందా?"

"ఉంది!" అమ్మ కూడా అరిచింది. "వర్తకుణ్ణి ఒక్క చూపుతో చేసేస్తాం. నీ మూతి కుదరక ఎన్నిసార్లు చెరిపానో!"

"అయినా కుదర్లేదు. ముక్కు నాది కాదు, మీ అబ్బాయిది. నాకు మట్టివ్వండి, మిమ్మల్ని చేస్తా. అప్పుడు తెలుస్తుంది!"

అమ్మ ముసలమ్మ మీది బూడిదను పాత గుడ్డతో చాలాసేపు తుడిచింది.

"రేపు తెల్లారకముందే రా. గోనె నీదే తెచ్చుకో. మట్టి తల్లికి చల్లడానికి మొక్కజొన్న పిండి మరిచిపోకు. ఫోన్ ఇంట్లో పారెయ్."

వదిన నోరు నిజంగానే బొమ్మ నోరంత తెరుచుకుంది. కానీ ఎక్కువసేపు ఊరుకోలేదు.

"ఎంత దూరం నడవాలి?"

అమ్మ నా వంక తిరిగింది. "దారంతా ఇలా అడుగుతూనే ఉంటుందా?"

"ఉంటుంది," అన్నాను. "నేను రాను. మీ అత్తాకోడళ్లే వెళ్లండి."