నాటినవాడే పీకాలి

సభని తిరగేసి ముందు 'ర' తగిలిస్తే రభస అవుతుంది. ఖరగ్‌పూర్‌లో మా పేట తాల్‌బగీచా. అక్కడి తెలుగు హాలులో ఒకప్పుడు ఆ 'ర' కోసం వెతుక్కోనక్కర్లేదు. ఎవరో ఒకరు లేచి "ఒరే" అనేవారు, చాలు. రైల్వే వర్క్‌షాప్‌లో సుత్తుల మోత మధ్య సానబట్టిన గొంతులు మరి. ఇంట్లో ఉప్పందుకోమన్నా పక్కపేట సుభాష్‌పల్లి దాకా వినిపిస్తాయి.

చివరికి మా నాన్న నూకయ్య, ఆయన తోటి ఫిట్టర్లు ఒక ఉపాయం పట్టారు. వ్యాగన్ కిందికి దూరి పనిచేసేవాడు ముందు పట్టాల మధ్య ఎర్రజెండా నాటి వెళతాడు. అది ఉన్నంతసేపు బండి కదలదు. నాటినవాడే బయటికొచ్చి తన చేత్తో పీకాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా ఇంకొకడు ముట్టుకోడు. ఆ పద్ధతినే హాలుకి తెచ్చారు. మాట్లాడేవాడు ఇనప స్టాండులో జెండా నాటుకుంటాడు. దాన్ని తనే పీకేదాకా మరొకరు నోరు మెదపరు. దీనికి తీర్మానమూ లేదు, తప్పితే శిక్షా లేదు. అయినా ఇప్పటిదాకా మాలో ఎవరూ తప్పలేదు.

ఇక మా అమ్మాయి రష్మిత సంగతి. కాలేజీలో చదువుతూనే, ఇక్కడి పెద్ద ఇంజనీరింగ్ విద్యాసంస్థకి కరీంనగర్ నుంచీ గుంటూరు నుంచీ వచ్చిన పిల్లలతో కలిసి ఒక సంఘం పెట్టింది. ప్రభుత్వం వద్దు, పన్ను వద్దు, ఎవరి మీదా ఎవరి పెత్తనమూ వద్దు అన్నది వాళ్ళ సిద్ధాంతం. పేరు 'హద్దుల్లేని సంఘం'. మా హాలులోనే కూడుతుంది కనుక అది అద్దె కూడా లేని సంఘం. అధ్యక్షుడుంటే పెత్తనమే కదా అని పదవులు పెట్టుకోలేదు. అక్కడున్నవన్నీ పెదవులే.

నెలకో వక్తను పిలుస్తారు. వచ్చిన ప్రతివాడితోనూ ఒక గొడవ. ట్రాఫిక్ సిగ్నళ్ళు పీకేయాలన్నాయన మా ఊళ్ళో ఇందా అనే పేట కూడలి చూసి, ఇక్కడ ముందే అమలు చేసేశారే అని సంబరపడి వెళ్ళాడు. పిల్లల మీద తల్లిదండ్రులకి అధికారం లేదన్నావిడ వచ్చి వెళ్ళాక చాలా రోజులు మా వీధిలో ఒక్క పిల్లా తను తిన్న కంచం కడగలేదు.

ఈసారి హైదరాబాదు నుంచి నిఖిలేష్ అనే ఆయన్ని పిలిచారు. రైళ్ళు, పట్టాలు, క్వార్టర్లు అన్నీ అమ్మేయాలన్నది ఆయన వాదం. ఖరగ్‌పూర్‌లో ఈ మాటనడం చేపల బజారులో నిలబడి చేప మానమనడం లాంటిది. మా నాన్న తరం పట్టాల మీద బతికింది. చదువు పట్టా చేతికొచ్చిన నేనూ అదే వర్క్‌షాప్‌లో గుమాస్తానయ్యాను. పట్టా ఏదైనా మా బండి రైల్వేదే. పెద్దలంతా మా ఇంటికొచ్చి పిలుపు రద్దు చేయించమన్నారు. నన్ను కాదు, నాన్నని అడిగారు. హాలు తాళం ఆయన దగ్గరే ఉంటుంది.

నాన్న మనవరాలిని పిలిచాడు.

"ఏటే అమ్మీ, మనం తిన్న కంచాన్ని అమ్మేమన్నోడు మన హాల్లోకే రావాలేటి?"

"పిలిసినాను తాతా. పిలిసినోడ్ని రావద్దనలేను. నీకు కోపమొస్తే ఎదర కూసోని తిట్టు."

పక్కగదిలో నేను మీసం దువ్వుకున్నాను. నాన్న ఒప్పుకున్నాడు గానీ షరతు పెట్టాడు. అతను మాట్లాడాక తను మాట్లాడతాడు, అతను చివరిదాకా కూర్చుని వినాలి. వినకుండా పోతే హద్దుల్లేని సంఘం మళ్ళీ ఈ హాలు మెట్టెక్కకూడదు. ఊళ్ళో ఆ పిల్లల్ని రానిచ్చే చోటు మరొకటి లేదు. అది తెలిసే రష్మిత మాటిచ్చింది.

ఆదివారం సాయంత్రం హాలు కిక్కిరిసింది. రష్మిత జెండా అందిస్తే నిఖిలేష్ గతుక్కుమన్నాడు. ఏదో పార్టీ జెండా అనుకున్నాడు పాపం, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని నాటాడు. నిజం చెప్పాలి, బాగా మాట్లాడాడు. తిడదామని వచ్చినవాళ్ళంతా పళ్ళు బిగించి విన్నారు. రష్మిత ఆయన కోసం టీ తేవడానికి వెనక్కి వెళ్ళింది. ఆ నిశ్శబ్దం చూసి అందరూ ఒప్పేసుకున్నారనుకున్నాడట, ఇక జవాబేముందని దండం పెట్టి, బయట నిలబడ్డ ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

జెండా అక్కడే ఉంది.

మా పిల్ల ఆయనకి నాటడం చెప్పింది, పీకడం చెప్పలేదు. మా ఇళ్ళలో పుట్టినవాళ్ళకి అది వేరే చెప్పాల్సిన సంగతని తట్టనే తట్టదు.

నాన్న లేచి స్టాండు దాకా నడిచాడు. జెండా చూశాడు. వెనక్కొచ్చి కూర్చున్నాడు. సంఘంలోని కరీంనగర్ కుర్రాడు దీక్షిత్‌కి అర్థం కాలేదు.

"ఆయన పోయిండు కద తాతా. మీరే తీసేయండి, ఎవరాపుతున్నరు?"

నాన్న జవాబు చెప్పలేదు. జెండా ఉండగా చెప్పడు. మిగతావాళ్ళూ అంతే. బయట ఐస్‌క్రీం బండి గంట వినిపిస్తోంది. టీ గ్లాసుతో వచ్చిన రష్మిత ఒక్క చూపులో సంగతి గ్రహించి, గ్లాసు నా చేతిలో పెట్టి స్కూటీ తీసింది. నేనూ గ్లాసు పక్కనపెట్టి వెనక ఎక్కాను.

ఇందాలో ఆయన ఆటో దిగి కోల్‌కతా బస్సు వైపు నడుస్తుంటే పట్టుకున్నాం. రష్మిత సంగతంతా చెప్పింది. ఆయన చిరాకుపడ్డాడు. తనని ఎవరూ బలవంతపెట్టలేరన్నాడు, అక్కడ కూర్చుని తీరాలని చెప్పే హక్కు ఎవరికీ లేదన్నాడు.

"అవును సార్, లేదు," అంది రష్మిత. "మీరు బస్సెక్కేయొచ్చు. ఆ జెండా పీకడానికీ ఎవరూ అడ్డులేరు. పోలీసు లేడు, చట్టం లేదు. అయినా మీ మీద మండిపోతున్నవాళ్ళంతా మీ జెండాని ముట్టుకోకుండా నోరు మూసుకుని కూర్చున్నారు. పెత్తనం లేని లోకం వస్తుందని ఇందాక చెప్పారు కదా. మా తాతలు దాన్ని ఎప్పుడో కట్టారు. చూసి వెళ్ళండి."

కండక్టర్ కోల్‌కతా, కోల్‌కతా అని అరుస్తున్నాడు. నిఖిలేష్ బస్సు వంక చూశాడు, మా పిల్ల వంక చూశాడు. తిరిగి ఆటో ఎక్కాడు. అంత ఎత్తు మాట నా కూతురి నోట విన్నాక, ఈ గుమాస్తాగాడికి స్కూటీ వెనక సీటు సింహాసనంలా అనిపించింది.

మేమొచ్చేసరికి హాలు అలాగే ఉంది. దీక్షిత్ కూడా ఎప్పుడో నోరు మూసుకున్నాడు. నిఖిలేష్ ఈసారి రెండు చేతులతోనూ జెండా పీకి, అందరి వైపూ తిరిగి క్షమించమని అడిగి ముందు వరసలో కూర్చున్నాడు. నాన్న జెండా నాటాడు.

ఆయన ప్రసంగం ప్యాసింజరు బండిలాగే అన్ని స్టేషన్లలోనూ ఆగింది. క్వార్టర్ పైకప్పు కారుతోందని ఎన్నిసార్లు చెప్పినా వినిపించుకోని ఆఫీసర్ల దగ్గర ఆగి, ఆ ముక్కలో ఈ బాబు నిజమే సెప్పినాడన్నాడు. క్యాంటీను పప్పులోని నీళ్ళ దగ్గర చాలాసేపు ఆగాడు. ఆ తరవాత గొంతు తగ్గింది.

"నాను బండి కింద ఉన్నప్పుడు పైన డ్రైవరెవుడో నాకు తెల్దు. ఆడికి నాను తెల్దు. జెండా సూసి ఆగినాడు, నాను బతికినాను. బండి అమ్మితే అమ్మండి, ఆ ఆగడం ఎలగ అమ్ముతారో అది సెప్పు బాబూ."

అని వచ్చి కూర్చున్నాడు. నిఖిలేష్ జవాబు చెప్పబోయి ఆగిపోయాడు. జెండా ఇంకా నిలబడే ఉంది. నాన్న పీకలేదు. మరిచిపోయి కాదు, ఆ ముఖం నాకు తెలుసు. తీరిగ్గా టీ తెప్పించుకుని, ఊదుకుంటూ తాగాడు. ఎవరి మాటా వినని సంఘమంతా ఒక్క ముసలాయన గుటకలు వింటూ కూర్చుంది. రష్మిత ఆయన ముందుకొచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

అప్పుడు లేచి జెండా పీకాడు.

"ఒచ్చే నెలకి ఎవుల్ని పిలుస్తన్నావే?"

పింఛన్లు రద్దు చెయ్యాలనే ఆయన్నని చెప్పింది. పింఛనుదార్లతో నిండిన హాలు ఒక్కసారి భగ్గుమంది. నాన్న జెండా కర్ర నేలకేసి కొట్టాడు.

"పిలు. ఈసారి పీకడం కూడా నేర్పి పిలు."