నీడన ఆరిన పిడికెడు ఆకు

మేడ మీద తాను ఎండలో పరిచిన ఆకులను కూతురు చూసిందని తెలిసేసరికి తల్లి పరుగున మెట్లెక్కింది.

"నీడనే ఆరబెట్టాలని ఎన్నిసార్లు చెప్పానమ్మా!"

"మూల గదిలో చెమ్మ వాసన వేసిందే. బూజు పట్టి, అది నువ్వు పీల్చి, ఊపిరితిత్తులు పాడై..."

"ఇంకా బతికే ఉన్నాను, ఆపు."

"అవేం మాటలే! ఎండ తగిలితే ఆకేమన్నా నీలాగా నల్లబడుతుందా, అనుకున్నాను."

కూతురు నవ్వలేదు. మెట్ల మీద కూలబడింది.

ఇనుముకు తుప్పు పట్టినట్టే మనిషి ఒంట్లోనూ ఏదో తుప్పు పడుతుందట. గుట్ట మీది ఒక తీగ ఆకు రసం దాన్ని ఆపుతుందా అని మూడేళ్లుగా ఆ పిల్ల ప్రయోగశాలలో తంటాలు పడుతోంది. ఆ ఆకు ఏడాదికి పదిహేను రోజులే దొరుకుతుంది. ఎల్లుండి పెద్ద సారుకు ఫలితం చూపించకపోతే పని ఇంకొకరి చేతికి వెళ్లిపోతుంది. ఎండ తగిలితే ఆకులో గుణం పోతుంది. ఇవన్నీ తల్లికి తెలుసు. బూజు భయం ముందు ఏదీ గుర్తు రాలేదు, అంతే.

"నా పిచ్చి భయమే నీ కొంప ముంచింది" అని గొణుక్కుంటూ లోపలికి వెళ్లి, బట్టల బీరువాలోంచి చిన్న మూట తెచ్చింది.

"ఇదేంటి?"

"మొన్న గదిలో నీడనే ఆరి ఆకు గలగలమనగానే పిడికెడు తీసి దాచాను. గదిలో నిప్పంటుకుంటేనో, ఎలుకలు కొట్టేస్తేనో..."

కూతురు ఒక ఆకు నలిపి చూసింది. ఇంకా పచ్చగానే ఉంది. మూట సంచిలో వేసుకుంది.

మర్నాడు తల్లి ప్రయోగశాలకు వెంటపడి వెళ్లింది. ఎత్తు స్టూలు మీంచి పడిపోతానేమోనని బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. కూతురు రెండు గాజు గొట్టాల్లో ఊదారంగు ద్రవం పోసి, ఒకదాంట్లో ఎండలో ఆరిన ఆకు రసం, రెండోదాంట్లో మూటలోని ఆకు రసం కలిపి చీకటి అరలో పెట్టింది.

"గుణం ఉంటే ఊదా విరిగి పసుపవుతుంది. అరగంట ఆగాలి."

"అరగంటా! ఈలోగా కరెంటు పోతే?"

"పోతే చీకటే కదమ్మా, దానికి కావాల్సింది."

తల్లి అరగంటలో నలభైసార్లు గడియారం చూసింది.

అర తెరిచారు. మొదటిది ఊదాగానే ఉంది. రెండోది లేత పసుపు.

"అయ్యో, కామెర్లు వచ్చినట్టుందే! మంచిదేనా?"

కూతురు పకపకా నవ్వి తల్లి భుజం మీద తల ఆనించింది. కాసేపటికి లేచి, మూట విప్పి చూసుకుంది.

"సారు ముందు రెండుసార్లు చేసి చూపించాలి. ఇది ఒకసారికే వస్తుందేమో."

తల్లి నేల చూపులు చూసింది. "పప్పుల డబ్బా వెనకాల ఇంకో పిడికెడుంది. బీరువాకి చెదలు పడితే ఎలాగా అని..."