లిల్లీపూల వాసనేసిన మౌస్ ప్యాడ్

మా బిల్డింగు సెల్లార్‌లో అందరికీ కలిపి ఒక బట్టలుతికే గది ఉంది. గోడకి రోజులూ పూటలూ గళ్లుగా గీసిన బోర్డు, ఇంటికో చిన్న తాళం. ఏ పూట ఉతుక్కోవాలంటే ఆ పూట గడిలో మన తాళం తగిలించాలి. ఆదివారం పొద్దుటి గడి నాది. నేను ఈ సుండ్స్‌వాల్‌ ఊరొచ్చి స్థిరపడినప్పటినుంచీ నాదే. దాని జోలికొచ్చినవాళ్లకి నా నోరు ఎలాంటిదో తెలిసొచ్చింది.

నా పేరు గున్వోర్. చాలా ఏళ్లు ఆడపిల్లలకి హ్యాండ్‌బాల్ నేర్పాను. మోకాళ్లు అరిగిపోయాక, కుర్చీలో కూర్చుని ఆడే ఒకే ఒక్క పిల్లకి కోచ్‌నయ్యాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి, నాకేం.

ఆ పిల్ల టిండ్రా. మా పై అంతస్తులో తండ్రి ఇంగ్వేతో ఉంటుంది, ఇరవై నాలుగేళ్లది. కంప్యూటర్‌లో బాణాల ఆట ఆడుతుంది. సరదాకి కాదు, దేశాలు పట్టుకు తిరిగి పోటీల్లో ఆడుతుంది. పాడుబడ్డ కోట, అందులో ఇద్దరు, చెరో విల్లు. ముందుగా పది బాణాలు తగిలించినవాళ్లది ఆట, మూడు ఆటల్లో రెండు గెలిస్తే మ్యాచ్. నాకూ మొదట్లో వెటకారంగానే ఉండేది. ఒకరోజు ఆ పిల్ల ఆడుతుంటే మొహం చూశాను. గోల్ ముందు నిలబడ్డ నా పాత పిల్లల మొహాలే గుర్తొచ్చాయి. అంతే, ఆ రోజు నుంచీ దాన్ని వదల్లేదు.

ఇంగ్వే పేపర్ మిల్లులో మెషీన్ దగ్గర పనిచేస్తాడు. బంగారంలాంటి మనిషి. కాకపోతే మూడేళ్లుగా ఒకటే పాట: "ఆట బాగానే ఉందమ్మా. ఉద్యోగం ఎప్పుడు?" చివరికి ఈ వేసవిలో తండ్రీ కూతుళ్లు ఒక మాట అనుకున్నారు. సీజన్ మొత్తం పాయింట్లలో మొదటి ముగ్గురికి మాత్రమే లీగ్ వచ్చే ఏడాదంతా జీతమిచ్చి ఆడిస్తుంది. ఆ ముగ్గురిలో ఉంటే ఆడుకోవచ్చు. లేదంటే జనవరి నుంచి మిల్లు స్టోర్స్‌లో కుర్చీ. ఇంగ్వే మేనేజర్‌తో మాట్లాడి ఆ కుర్చీ అట్టిపెట్టించాడు కూడా. దాని పేరెత్తితే చాలు, టిండ్రా మొహం పాలిపోయేది.

సీజన్‌లో ఆఖరి పోటీ నవంబరులో మా ఊళ్లోనే పెట్టారు. శుక్ర, శనివారాల్లో టిండ్రా దుమ్ము దులిపేసింది. ఆదివారం ఫైనల్‌కొచ్చింది. ఎదురుగా డెన్మార్క్ కుర్రాడు ఆస్గర్. మొదటి స్థానం హాలండ్ అతనికి ఎప్పుడో ఖాయమైపోయింది. ఈ ఇద్దరిలో గెలిచినవాళ్లు రెండో స్థానానికి, ఓడినవాళ్లు నాలుగోదానికి. మధ్యలో ఇంకో దారి లేదు.

పోటీ ఐస్ హాకీ హాల్లో. మంచు మీద చెక్కలు పరిచారు గానీ అడుగునుంచి చలి కాళ్లలోకి పాకుతూనే ఉంది. ఇంగ్వే ఫ్లాస్కులో కాఫీ, సంచిలో ఉన్ని మేజోళ్లు పట్టుకొచ్చాడు. కూతురి ఆట చూడ్డానికి హాలుకి రావడం అతనికదే మొదటిసారి. మ్యాచ్‌కి ముందు చెయ్యి సవరించుకోడానికి ఇచ్చే సమయంలో టిండ్రా సంచి విప్పి మౌస్ ప్యాడ్ పరిచింది. చెయ్యి పెట్టిందో లేదో ఆగిపోయింది. వంగి వాసన చూసింది.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

ప్యాడ్ లిల్లీపూల వాసనేస్తోంది. ఇంగ్వే ఫ్లాస్కు మూత తిప్పుతూ తిప్పుతూ ఆగాడు.

"నేనేనమ్మా. నిన్న సాయంత్రం నా ఉతుకుడు పూట కదా. దాని నిండా కాఫీ మరకలే. టీవీలో చూపిస్తారు, శుభ్రంగా ఉంటుందని... బట్టలు మెత్తబడేందుకు పోసే సువాసన మందు కూడా పోశాను."

"ఎంత పోశావు?" అన్నాను.

"మంచిదే కదా అని కాస్త ఎక్కువే."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇంగ్వే! ఎవరైనా వయొలిన్ తీగలకి వెన్న రాస్తారా?" మూడేళ్లుగా ఆ పిల్ల చేతికి అలవాటైన గుడ్డ అది. ఎంత తోస్తే మౌస్ ఎంత కదులుతుందో వేళ్లకి తెలుసు. ఇప్పుడది నూనె రాసినట్టు జారిపోతోంది. కంప్యూటర్‌లో మౌస్ వేగం అంకెలు ఎన్ని మార్చినా ఆ జారుడు పోదు. నిర్వాహకులు ఒక గట్టి ప్లాస్టిక్‌ది తెచ్చిచ్చారు. దాని మీద ఇంకా అధ్వాన్నం, మళ్లీ తనదే పరుచుకుంది. ఇంగ్వే చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూలబడ్డాడు. అతన్ని చూస్తే నా కోపం సగానికి దిగింది.

అవతల బల్ల దగ్గర ఆస్గర్ నవ్వుతున్నాడు. డెన్మార్క్ వాళ్లు నోట్లో వేడి గంజి పెట్టుకున్నట్టు మాట్లాడతారు గానీ, ఆ మాట మాత్రం మాకు స్పష్టంగానే వినపడింది. "టిండ్రా, నీ ఆటల రికార్డింగులన్నీ చూశాను. ఆ కోటలో ఏ స్తంభం వెనక ఎప్పుడు దాక్కుంటావో మీ నాన్నకన్నా నాకే బాగా తెలుసు!"

నిజమే. అందరూ అందరి ఆటలూ చూసే వస్తారు, అదే వీళ్ల చదువు. టిండ్రా ఆటంటేనే ఓపిక. స్తంభం వెనక నిలబడి, విల్లు ఎక్కుపెట్టి, చెయ్యి అదరకుండా ఎదురుచూస్తుంది. ఎదుటివాడు తొందరపడి బయటికొస్తే కొడుతుంది. ఆ ప్యాడ్ మీద చెయ్యి అదరకుండా ఎలా ఉంటుంది?

మొదటి ఆట చూడలేకపోయాను. తన స్తంభం దగ్గర నిలబడటం, గురి జారడం, దెబ్బ తినడం. పది, మూడు. హాల్లో మా ఊరివాళ్లంతా నీరుగారిపోయారు. విరామంలో టిండ్రా మా దగ్గరికొచ్చి కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నేల వంక చూస్తూ ఏదో లెక్కేసుకుంటోంది.

"నాన్నా, నీ తప్పేం లేదు," అంది ముందు. తర్వాత నావైపు తిరిగింది. "గున్వోర్, నిలబడి వేసినవి ఒక్కటీ తగల్లేదు."

"చూశాలే, నాకు కళ్లు లేవా?"

"తగిలిన ఆ మూడూ పరిగెడుతూ వేసినవే. ఆ ప్యాడ్ మీద గురి నిలవదు గానీ తిరగడం మహా సులువు. చెయ్యి ఎగిరిపోతోంది."

"అయితే ఎందుకే ఇంకా ఆ దిక్కుమాలిన స్తంభాన్ని పట్టుకుని వేలాడుతున్నావు? పరిగెత్తు!"

"ఎప్పుడూ అలా ఆడలేదు కదా."

"నువ్వు ఆడలేదు కాబట్టి వాడూ చూడలేదు. లే!"

నేనలా అరిచేసరికి వెనక వరసలో ఎవరి కాఫీయో ఒలికిందట. ఒలికితే ఒలికింది.

రెండో ఆట మొదలైంది. ఆస్గర్ తీరిగ్గా టిండ్రా దాక్కునే మొదటి స్తంభానికి గురిపెట్టి కూర్చున్నాడు. ఆ పిల్ల అక్కడ లేదు. గోడ దూకి, మెట్ల మీంచి జారి, వాడి వెనక తేలింది. బాణం. వాడు రెండో స్తంభానికి గురి మార్చాడు. ఈసారి ఎదురుగానే పరిగెత్తుకొచ్చి కొట్టింది. వాడు నోరెళ్లబెట్టాడు. వాడు అంత శ్రద్ధగా చదువుకొచ్చిన పిల్ల అక్కడ లేదు, ఆ కుర్చీలో ఎవరో కొత్త మనిషి కూర్చుని ఉంది. హాలంతా కాళ్లతో చెక్కలు దడదడలాడించింది. పది, ఆరు. ఆట టిండ్రాది!

మూడోది మాత్రం నరాలు పిండేసింది. ఆస్గర్ మొద్దు కాదు, తేరుకున్నాడు. వీడొకటి కొడితే ఇదొకటి కొట్టింది. చివరికి తొమ్మిది, తొమ్మిది. ఇంకొక్క బాణం, అంతే. ఇంగ్వే నా చెయ్యి పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే వేళ్లు విరుగుతాయనుకున్నాను.

అప్పుడు ఆస్గర్ ఏం చేశాడో తెలుసా? భయపడ్డాడు. ఆ పిల్ల పరుగు తట్టుకోలేక, వెళ్లి టిండ్రా స్తంభం వెనకే దాక్కున్నాడు. రికార్డింగుల్లో వందసార్లు చూసిన చోటు కదా, అదే అన్నిటికన్నా భద్రమనుకున్నాడు పాపం.

టిండ్రా పరుగు ఆపింది. నేను గట్టిగా నవ్వేశాను. పక్కవాళ్లు పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఆ స్తంభం వెనక మూడేళ్లు కాపురమున్న పిల్ల! ఎడమవైపు పెచ్చు ఊడిన రాయి దగ్గర ఎంత ముడుచుకున్నా భుజం బయటికొస్తుందని దానికి తెలియదా? ఆ భుజానికి ఎన్ని దెబ్బలు తిందని! మెల్లిగా ఎడమవైపు తిరిగింది, తిరుగుతూనే వదిలింది.

తగిలింది!

హాలు కప్పు లేచిపోయింది. నేను మోకాళ్ల సంగతి మర్చిపోయి ఎగిరాను. ఇంగ్వే మాత్రం కూర్చునే ఉన్నాడు, చెంపల మీంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

గెలిచినవాళ్లు ఓడినవాళ్ల బల్ల దగ్గరికి నడిచి వెళ్లి చెయ్యి కలపడం ఇక్కడి పద్ధతి. టిండ్రా వెళ్లింది. ఆస్గర్ లేచి నిలబడి చెయ్యి కలిపాడు, తర్వాత ముక్కు చిట్లించాడు.

"నీ చెయ్యి పూలవాసనేస్తోందేంటి?"

"అది మా ఇంటి రహస్యం," అంది.

వేదిక మీద మూడు కుర్చీలు. సీజన్‌లో మొదటి ముగ్గురివీ. రెండో కుర్చీ మీద పేరు చదివి, కాసేపు దాని వీపు నిమిరి, అప్పుడు కూర్చుంది టిండ్రా. కింద ఇంగ్వే జేబులోంచి ఫోన్ తీశాడు. ఆదివారం అని కూడా చూడకుండా మిల్లు మేనేజర్‌కి చేశాడు. ఆ గోలలో అవతలి మనిషికి వినపడాలని గొంతు చించుకుంటున్నాడు.

"ఆ స్టోర్స్ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చేయండి! అవును, వద్దు! మా అమ్మాయికి ఉద్యోగం ఉంది!"

రెండుసార్లు చెప్పాడు. రెండోసారి అవతలివాళ్లు అడిగారనుకోను.

ఇంటికొచ్చేటప్పుడు కారులో టిండ్రా ముందుకి వంగింది. "నాన్నా, వచ్చే సీజన్ మొదటి పోటీకి ముందు మళ్ళీ ఉతికిపెడతావా? అదే మందు, అంతే ఎక్కువ."

"తప్పకుండా. ఎప్పుడు?"

"పోటీకి ముందు ఆదివారం పొద్దున."

ఇద్దరూ నావైపు చూశారు. నేను బిల్డింగు దగ్గర దిగి, తిన్నగా సెల్లార్‌లోకి వెళ్లి, ఆదివారం పొద్దుటి గడిలోంచి నా తాళం తీసి, శనివారం సాయంత్రం గడిలో ఉన్న ఇంగ్వే తాళం తెచ్చి తగిలించాను.