ఇరవై ఆరేళ్ళ వంశపారంపర్యం

డిసెంబరు మొదటి ఆదివారం, ఉదయం పదకొండు గంటలకు, పెళ్ళి భోజనాల జాబితాలో పద్నాలుగో అంశం దగ్గర పెద్దబావగారు గొంతు సవరించుకుని, "మన ఇంటి మిఠాయి. చిన్నకోడలు హాల్లోనే చేస్తుంది, వేడివేడిగా" అని పైకి చదువుతూ రాశారు. ముందుగదిలో ఏడుగురున్నారు. చిన్నకోడలు వాళ్ళలో లేదు. వంటింట్లో రెండో విడత టీ వడపోస్తోంది.

పెళ్ళి ఆమె కూతురిది. జనవరి పదకొండున, ఉదయం పదిన్నరకి, హాల్లో రిజిస్టరు సంతకాలతో.

ఆమె ట్రే పట్టుకుని వచ్చేసరికి తిండి జాబితా అయిపోయి 'సంప్రదాయం' మొదలైంది. ఆ మాటని పెద్దబావగారు కొత్త కాగితం మీద రాసి కింద రెండు గీతలు గీశారు. చలికాలం పెళ్ళి కాబట్టి గుమ్మంలోనే అందరి చేతికీ వేడి సూప్ ఇవ్వాలనీ, బల్లలు కిటికీలకి దూరంగా వెయ్యాలనీ అప్పటికే తేలింది. ఇప్పుడు వధూవరుల బల్ల మీద ఆయన నాయనమ్మ కుట్టిన పూల గుడ్డ పరచాలని తేలింది. ఒక్కో బల్ల మీదా ఒక కార్డు పెడతారు. అందులో పద్నాలుగో అంశం గురించి ఏం రాయాలో ఆయన ముందే అనుకుని వచ్చారు.

"వినండి. మా నాయనమ్మగారి చేతి నుంచి నాలుగు తరాలుగా వస్తున్న వంశపారంపర్య మిఠాయి."

"భలే ఉందన్నయ్యా," అన్నాడు ఆమె భర్త.

ఆమె కప్పులు అందించింది. "నేనెక్కడ చెయ్యాలి బావగారూ?"

"హాలు వెనక వంటశాల ఉంది కదమ్మా. పదింటికి మొదలుపెట్టావంటే పదకొండుంబావుకి బల్లల మీదకి వచ్చేస్తుంది."

"పదిన్నరకి పెళ్ళి."

"పెళ్ళి పదిన్నరకే. భోజనాలు పదకొండుంబావుకి," అన్నారాయన, లెక్క రానివాళ్ళకి చెప్పినట్టు.

"నీకది వెన్నతో పెట్టిన విద్య," అన్నాడు భర్త. "మధ్యలో ఒకసారి వచ్చి చూసి వెళ్ళు. ఎవరొద్దన్నారు?"

ఎవరూ వద్దనలేదు. ఆమె ఖాళీ ట్రేతో వంటింట్లోకి వెళ్ళి నిలబడింది. చక్కెరని మాడే దాకా కాచి, బాదంపప్పు వేసి, పాలు పోసి తిప్పి, పళ్ళెంలో పోసి కోస్తే ఆ మిఠాయి అవుతుంది. ఎండాకాలమైతే ఉదయం చేసి సాయంత్రం పెట్టొచ్చు. చలికాలంలో గంటన్నరలో గడ్డకడుతుంది, ఆపైన కొరికితే పన్ను ఊడుతుంది. అందుకే చేసే మనిషి చివరి గంట పొయ్యి దగ్గర ఉండాలి. ఈ కుటుంబంలో పెళ్ళిళ్ళన్నీ చలికాలంలోనే అవుతాయి, సెలవులు అప్పుడే కాబట్టి. ఆడపడుచు పెళ్ళిలో ఆమె పొయ్యి దగ్గర ఉంది. బావగారి పెద్దమ్మాయి పెళ్ళిలో పొయ్యి దగ్గర ఉంది, చప్పట్లు వినిపిస్తే అయిపోయిందనుకుంది. చిన్నమ్మాయి పెళ్ళిలో చప్పట్లు కూడా వినిపించలేదు, మిక్సీ తిరుగుతోంది. ఫోటోల్లో ఆమె ఎక్కడా లేదు, పళ్ళేలు ఉన్నాయి. మొదటి నుంచి చివరి దాకా కూర్చున్న పెళ్ళి ఒక్కటే, తనది. అప్పుడు తలెత్తి చూసే ధైర్యం లేదు. అందరూ ఆమెని ఇంటికి తలలో నాలుక అంటారు. నాలుకకి ఎంతసేపూ నోట్లోనే పని, బయటికొస్తే వెక్కిరింపు కింద లెక్క.

ఆ మిఠాయి వయసు ఇరవై ఆరేళ్ళు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురు. అందులో మామగారు పోయారు. ఆమె కాపురానికొచ్చిన మొదటి చలికాలంలో మామగారి పై అధికారి టీకి వచ్చాడు. పొయ్యి మీద పాకం పెట్టి పక్కన పాలు పెట్టుకుని ఉండగా, అత్తగారు లోపల్నుంచి పిలిచారు, మామగారి చొక్కా ఇస్త్రీ చెయ్యమని. వెళ్ళి చేసి వచ్చేసరికి పాకం మాడింది. భయపడి చేతికందినవన్నీ అందులో పోసింది, పాలు, బాదంపప్పు, ఉప్పు చిటికెడు. అత్తగారు వాసన చూసి వచ్చారు. "గిన్నెతో సహా పెరట్లో పారెయ్. మీ పుట్టింట్లో పాకం పట్టడం కూడా నేర్పలేదూ?" ఆ మాట పూర్తయ్యేలోపు మామగారు వచ్చి, పెట్టడానికి ఇంకేమీ లేకపోవడంతో దాన్నే పళ్ళెంలో పోయించి, ముక్కలు కోయించి ముందుగదిలోకి పట్టుకెళ్ళారు. అధికారి ఒక ముక్క తిన్నాడు. రెండోది అడిగాడు. "ఇది మీ ఇంటి ప్రత్యేకమా?" అన్నాడు. "మా అమ్మ కాలం నుంచీ ఉందండీ," అన్నారు మామగారు. తలుపు వెనక కొత్తకోడలు మసిగుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. తిట్లు తప్పాయి కదా అని ఆ రోజు సంతోషించింది.

మర్నాడు సోమవారం. ఆమె నీళ్ళు పరీక్ష చేసే ప్రయోగశాలలో పనిచేస్తుంది. ఊళ్ళో కుళాయిల నుంచీ బావుల నుంచీ సీసాలు వస్తాయి. ప్రతి సీసా మీదా చీటీ, చీటీలో మూడు గడులు: ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారు. మూడో గడి ఖాళీగా ఉన్న సీసాని పరీక్ష చెయ్యరు, పారబోస్తారు. ఆ నియమం పెట్టింది ఆమే, పద్దెనిమిదేళ్ళ కిందట. నియమాల పుస్తకంలో కింద సంతకం మాత్రం అప్పటి అధికారిది. ఇప్పటి అధికారి పదకొండింటికి ఆమె బల్ల దగ్గర ఆగాడు.

"పెళ్ళికి మీ అత్తగారి మిఠాయి ఉంటుందా అమ్మా? దానికోసమైనా వస్తాం."

ప్రతిసారీ ఆమె "ఉంటుంది సార్" అనేది. ఈసారి "అది నాది సార్" అంది. ఆయన నవ్వి, అర్థంకాక, ఫైలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట పైకి అనడం ఆమెకి అదే మొదలు. అన్నాక చేతిలోని సీసా కింద పెట్టి చీటీ మళ్ళీ చదువుకోవాల్సి వచ్చింది.

మధ్యాహ్నం కూతురు ఫోన్ చేసింది. వేరే ఊళ్ళో ఉద్యోగం, పెళ్ళికి నాలుగు రోజుల ముందు వస్తుంది.

"పెదనాన్న జాబితా పంపించారమ్మా. పద్నాలుగు చూశాను."

"ఊఁ."

"నేను సంతకం పెట్టేటప్పుడు నువ్వెక్కడుంటావు?"

ఆమె బల్ల మీది సీసా మూత బిగించింది.

"వంటశాలకి కిటికీ కూడా లేదు. నేను హాలు చూసొచ్చాను," అంది కూతురు. "మిఠాయి తీసెయ్యమని చెప్తాను పెదనాన్నకి."

"తీసెయ్యకు. బాగుంటుంది కదా అది."

"బాగుంటుంది. దానికేం రోగం? నువ్వు అక్కడుంటేనే నాకు బాగోదు."

"నేను చూసుకుంటాలే. నువ్వు మీ పెదనాన్నతో ఏం మాట్లాడకు. నా మాట నేనే చెప్పుకోవాలి."

బుధవారం ఆమె సగం రోజు సెలవు పెట్టి హాలు వంటశాలకి వెళ్ళింది. ఆ వంటశాలని నడిపేది ఒక ఆవిడ. అందరూ వంటావిడ అంటారు. కింద పదిమంది పనిచేస్తారు. చిన్నకోడలు తన సంచిలోంచి చక్కెరా బాదంపప్పూ తీసి, వాటి పక్కన పొడుగాటి థర్మామీటరు పెట్టింది. సొంతదే, కిందటి సాయంత్రం కొన్నది.

"వంటకి జ్వరం చూస్తారేంటమ్మా?" అంది వంటావిడ.

"రంగు చూసి పాలు పొయ్యడం నాకొక్కదానికే తెలుసు. ఆ రంగు ఎన్ని డిగ్రీలో తెలిస్తే ఎవరైనా పొయ్యొచ్చు."

మొదటి వాయి ఆమె కంటితో చేసి డిగ్రీలు రాసుకుంది. నూట డెబ్భై ఎనిమిది. రెండోది వంటావిడ థర్మామీటరుతో చేసింది, చేదెక్కింది. పాలు ముందే కాచి పెట్టుకోలేదు, అవి పొంగే దాకా పాకం ఆగలేదు. మూడోది శుక్రవారం చేశారు, పాలు పక్క పొయ్యి మీద మరుగుతుండగా. ముక్క కోసి నోట్లో వేసుకుని వంటావిడ ఇంకో ముక్క కోసుకుంది.

"మీ ఇంటి రహస్యం నా చేతిలో పెడుతున్నారు. మీవాళ్ళు ఊరుకుంటారా?"

"రహస్యమైతే నేను పొయ్యి దగ్గరే ఉండాలి," అందామె.

వంటావిడ కాగితం అడిగింది. ఆమె కొలతలు, డిగ్రీలు, నిమిషాలు రాసి, కింద తన పేరు రాసి, తేదీ వేసి ఇచ్చింది.

డిసెంబరు మూడో ఆదివారం మళ్ళీ అందరూ ముందుగదిలో చేరారు. అచ్చువాడు పంపిన నమూనా కార్డు చేతులు మారుతోంది. అత్తగారు కుర్చీలో దుప్పటి కప్పుకుని నారింజ తొనలకి ఈనెలు తీస్తున్నారు. టీ ఇంకా రాలేదు. ఎందుకంటే ఆమె సోఫాలో కూర్చుని ఉంది.

"కార్డులో తప్పుంది బావగారూ," అంది.

"అచ్చుతప్పా? ఎక్కడ?"

"పద్నాలుగులో. అది నాలుగు తరాలది కాదు. ఇరవై ఆరేళ్ళది. నేను పాకం మాడబెడితే వచ్చింది."

ఆడపడుచు ఫక్కున నవ్వింది. పెద్దబావగారు కూడా నవ్వారు, పెద్దమనిషి తరహాగా. "బాగుందమ్మాయ్. మా నాన్న నోటితో నేను విన్నదాన్ని కాదంటావా?"

"మీ నాన్నగారు చెప్పారు. చేసింది నేను."

"అబ్బా, ఇప్పుడదంతా ఎందుకు?" అన్నాడు భర్త గొంతు తగ్గించి. "ఎవరిదైతే ఏముంది? పేరు ఇంట్లోనే ఉంటుంది కదా."

"నా పేరు వేసినా ఇంట్లోనే ఉంటుంది."

అతను కార్డు అందుకుని మళ్ళీ చదివాడు.

"అత్తయ్యా, మీరే చెప్పండి," అందామె.

అత్తగారు చేతిలో ఉన్న తొనకి ఈనె పూర్తిగా తీశారు. తిన్నారు. ఆవిడకి డెబ్భై తొమ్మిదేళ్ళు. చెవి సరిగా వినిపించదని అందరూ అనుకుంటారు.

"గిన్నెతో సహా పెరట్లో పారెయ్యమన్నాను," అన్నారు.

"ఏంటమ్మా?" అన్నారు పెద్దబావగారు.

"దీన్ని. కొత్తకోడలప్పుడు. పొయ్యి మీద పాకం ఉందని తెలిసే పిలిచాను ఇస్త్రీకి. పిలిస్తే వస్తుందా రాదా అని. వచ్చింది. పాకం మాడింది. ఆ పెద్దమనిషి బాగుందనేసరికి మీ నాన్న వాళ్ళమ్మ పేరు చెప్పాడు. మీ నాయనమ్మకి పొయ్యి ముట్టించడమే రాదురా. ఆవిడకి వంటమనిషి ఉండేది."

పెద్దబావగారు తమ్ముడి చేతిలోంచి కార్డు తీసుకుని మళ్ళీ చదివారు.

"ఆ బల్లగుడ్డా ఆవిడది కాదు," అన్నారు అత్తగారు. "మీ నాన్న చుట్ట తెచ్చి దాని మీద పెట్టాడు. చిల్లు పడింది. చిల్లు మీద పువ్వు కుట్టాను. ఒక్క పువ్వే ఉంటే తెలిసిపోతుందని ఇంకో పదకొండు కుట్టాను. మూడు నెలలు పట్టింది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమ్మా?"

"ఎవరడిగారు?" అని ఇంకో తొన తీసుకున్నారు.

చిన్నకోడలు అత్తగారి వైపు చూసింది. ఆ పొయ్యి కథని ఇరవై ఆరేళ్ళుగా తను ఒక్కతే మోస్తున్నాననుకుంది. ఆ రోజు పిలిచింది చొక్కా కోసం కాదని ఇప్పుడు తెలిసింది. కోపం వచ్చింది. ఆ కోపాన్ని పక్కన పెట్టలేదు, అలాగే ఉంచుకుంది. దానితోపాటే ఆ పన్నెండు పువ్వులూ గుర్తొచ్చాయి. వాటిని ప్రతి ఏడాదీ ఉతికి ఆరేసేది తనే. అందులో ఒకటి మిగతావాటికన్నా మందంగా ఉంటుంది. ఎందుకో ఎప్పుడూ అడగలేదు. అడగనివాళ్ళలో తనూ ఉంది.

"రెండూ మార్చమని అచ్చువాడికి పొద్దున చెప్పాను," అందామె. "గుడ్డ సంగతి ఇప్పుడు తెలిసింది కాబట్టి అదీ చెప్తాను. మిఠాయి వంటావిడ చేస్తుంది. నేర్పాను. నేను ముందువరసలో కూర్చుంటాను."

"రెండూ అంటే?" అన్నాడు భర్త.

"నాలుగు తరాలు తీసెయ్యమన్నాను. నా పేరు వెయ్యమన్నాను."

"వంటావిడ చేతిలో పాడైతే?" అన్నారు పెద్దబావగారు. "రెండొందల మంది వస్తున్నారు. పరువు నీ చేతిలో ఉందమ్మాయ్."

"పాడైతే పాడవుతుంది బావగారూ. పెళ్ళి పాడవదు."

"టీ అన్నా ఉందా లేదా ఇవాళ?" అంది ఆడపడుచు, మాట మార్చడానికి.

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి," అందామె.

ఆడపడుచు అన్నల మొహాలు చూసి లేచింది. డబ్బాలు తెరుస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

జనవరి పదకొండున ఉదయం చలి ఆరు డిగ్రీలు. పదింటికి వంటావిడ మొదటి వాయి దించింది, పదీ పదికి రెండోది. రెండూ సరిగ్గా వచ్చాయి. మూడో పళ్ళెం పెట్టిన బల్లకి ఎదురుగా పెరటి తలుపు ఎవరో తెరిచి వదిలేశారు. హాల్లో బల్లల మీద కార్డులున్నాయి. పద్నాలుగో అంశం దగ్గర పెళ్ళికూతురి తల్లి పేరు ఇంటిపేరుతో సహా ఉంది. వెనకవైపు, బల్లగుడ్డ గురించిన రెండు వాక్యాల్లో ఆమె అత్తగారి పేరుంది. చుట్ట సంగతి వెయ్యలేదు, అత్తగారే వద్దన్నారు.

చిన్నకోడలు ముందువరసలో రెండో కుర్చీలో కూర్చుంది. మొదటిది అత్తగారిది. మూడోదాంట్లో ఆమె సంచి పెట్టి ఉంది.

పదీ ముప్పై ఎనిమిదికి భర్త వరసల మధ్య నుంచి వంగి వచ్చాడు.

"మూడో పళ్ళెం గడ్డకట్టిందట. అన్నయ్య నిన్ను ఒక్క నిమిషం రమ్మంటున్నాడు."

"సుత్తితో కొట్టి పెట్టమనండి."

"ఒక్క నిమిషమేనోయ్."

ఆమె మూడో కుర్చీలోంచి సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "కూర్చోండి. మొదలవుతోంది."

అతను వంటశాల తలుపు వైపు చూశాడు. తలుపు దగ్గర పెద్దబావగారు చెయ్యూపుతున్నారు. భర్త నిలబడే ఉన్నాడు.

పదీ నలభై రెండుకి కూతురు సంతకం పెట్టింది. తల్లి చూసింది.