నలభై ఆరు మార్కుల మోకాలు

ఫక్రున్నీసా చేతికర్ర లేకుండా నడిచి రావడం చూసి చంద్రకాంతమ్మకు కడుపులో భగ్గుమంది. భగ్గుమనదా మరి! ఏడాది కిందట తిరుపతిలోని ఇదే ఆసుపత్రిలో, ఇదే ధనంజయ డాక్టరు, ఒకే రోజున ఇద్దరికీ కుడి మోకాలు మార్చాడు. పక్కపక్క మంచాలు, ఒకే రకం మోకాళ్ళు. పాకాల దగ్గర పదెకరాల మామిడితోట ఉన్న చంద్రకాంతమ్మేమో గోడ పట్టుకుని నడవాలి, తిరుచానూరు సందులో గాజులమ్మే ఫక్రున్నీసా దిమ్మరిలా తిరగాలి. ఇదెక్కడి న్యాయం?

మార్చిన మోకాళ్ళు ఎంత బాగా పనిచేస్తున్నాయో తేల్చడానికి ఆసుపత్రివాళ్ళు ఒక పరిశోధన పెట్టుకున్నారు. మూడు నెలలకోసారి నర్సు స్టెల్లా పన్నెండు ప్రశ్నలు అడుగుతుంది. మెట్లు దిగగలవా, పడుకుంటే నొప్పి ఉందా, బజారుకు పోగలవా అని. ఒక్కోదానికి నాలుగు మార్కుల దాకా వేస్తుంది. ఏ బాధా లేకుంటే మొత్తం నలభై ఎనిమిది. స్టెల్లాకు అది పరిశోధన, చంద్రకాంతమ్మకు మాత్రం పరీక్షే. ఆరో నెలలో తనకు ఇరవై తొమ్మిది, ఫక్రున్నీసాకు నలభై ఒకటి వచ్చాయి. ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు.

తొమ్మిదో నెలలో స్టెల్లా ఫోను చేసేసరికి మోకాలు ఉబ్బి పెనంలా కాలుతోంది. అయినా "నొప్పా? యాడుండాది తల్లీ! తోటంతా తిరిగొస్తా ఉండాను" అనేసింది. నలభై నాలుగు వచ్చాయి. వెంటనే ఫక్రున్నీసాకు ఫోను చేసి, అదీ ఇదీ మాట్లాడి, ఆమెవి నలభై రెండేనని రాబట్టింది. ఆ పూట మోకాలికి తడిగుడ్డ చుట్టుకుని రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

ఇవాళ్టికి ఏడాది నిండింది. ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి అడిగింది స్టెల్లా. పళ్ళ బిగువున నవ్వుతూ చంద్రకాంతమ్మ నలభై ఆరు సంపాదించింది.

"నాకు నెల నుంచి మెట్లు దిగితే నొస్తాంది తల్లీ. దాస్తే ఏమొస్తాది?" అంది ఫక్రున్నీసా. ముప్పై ఆరు.

పది మార్కులు తేడా! చంద్రకాంతమ్మ ప్రాణం లేచొచ్చింది. కానీ ఎంతసేపు? ఫక్రున్నీసాను లోపలికి పిలిచి, డాక్టరు అరగంట సేపు ఆ కాలు వంచాడు, నొక్కాడు, ఎక్స్‌రే తీయించాడు. కండ బలహీనపడిందంతే అని వ్యాయామం నేర్పించాడు. చంద్రకాంతమ్మను మాత్రం "మీరు బాగుండారు, ఇంటికి పోవచ్చు" అన్నారు. నలభై ఆరు తెచ్చుకున్నదాన్ని పలకరించే దిక్కు లేదు, ముప్పై ఆరుకు ఇంత మర్యాదా అని ఆమె కుతకుతలాడిపోయింది.

ఆ ఉక్రోషంతోనే లేవబోయింది. మోకాలు నిలవలేదు, బెంచీ మీద కూలబడింది. అప్పుడే బయటికొచ్చిన ఫక్రున్నీసా పరుగున వచ్చి పట్టుకుంది. చీర మీద నుంచే ఆమె చేతికి వేడి తగిలింది.

"అరే అక్కా! ఇదేంది, కాలిపోతాంది!"

"ఏమీ లేదు, నువ్వు గమ్మునుండు."

ఫక్రున్నీసా గమ్మునుంటుందా! డాక్టరు వచ్చేదాకా అరిచింది. సూది గుచ్చి లాగితే చీము వచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా ఇది?" అన్నాడు ధనంజయ.

చంద్రకాంతమ్మ ఫక్రున్నీసా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. "తొమ్మిదో నెల నుంచి సారూ."

డాక్టరు కాగితాలు తిరగేశాడు. తొమ్మిదో నెలకు నలభై నాలుగు అని ఉంది. "ఆ పొద్దే చెప్పింటే లోపల కడిగి, ఈ మోకాలినే కాపాడేవాణ్ణేమో. ఇప్పుడు పెట్టిందంతా తీసేయాల. చీము పూర్తిగా పోతేనే మళ్ళీ కొత్తది."

ఫక్రున్నీసా కళ్ళనిండా నీళ్ళు. "అట్లెందుకు చెప్పినావక్కా?"

"నీకంటే ఒక్క మార్కన్నా ఎక్కువ రావాలని."

ఫక్రున్నీసా పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

స్టెల్లా నలభై ఆరు కొట్టేసి మళ్ళీ మొదటి ప్రశ్న నుంచి మొదలుపెట్టింది. చంద్రకాంతమ్మ ఈసారి పన్నెండింటికీ నిజమే చెప్పింది. స్టెల్లా మార్కులు కూడి, పైకి చదవడానికి మొహమాటపడింది.

"గట్టిగానే సెప్పు తల్లీ," అంది చంద్రకాంతమ్మ. "ఫక్రున్నీసా కూడా విననీ."