తొమ్మిదో నంబరు బయటికి రాలేదు

2025 ఏప్రిల్ 11, శుక్రవారం సాయంత్రం 6:57కి, దోహా శివార్లలో ఒక రెండో డివిజన్ క్లబ్బు మైదానంలో నాలుగో రిఫరీ బోర్డు ఎత్తాడు. బోర్డు మీద 9 ఎర్రగా, 17 ఆకుపచ్చగా వెలిగాయి. ఎర్ర అంకె ఎవరిదైతే వాళ్ళు బయటికి రావాలి. తొమ్మిదో నంబరు ఆటగాడు రాలేదు.

అతని పేరు రాజ్ కిరణ్. వయసు ముప్ఫై నాలుగు. స్ట్రైకర్. పుట్టింది దోహాలోనే. తండ్రి నిత్యానందం పాలకొల్లు నుంచి వచ్చి, ఒక నిర్మాణ కంపెనీ స్టోర్స్‌లో పనిచేసి, కిందటేడు రిటైరయ్యాడు. తల్లి సుకుమారి నర్సు. కిరణ్ ఆట నేర్చుకున్నది అబూ హమూర్‌లో తాను చదివిన బడి వెనక, గడ్డి లేని నేల మీద. 2009లో మాల్టా వెళ్ళాడు. పదమూడేళ్ళలో యూరప్‌లో ఐదు క్లబ్బులకు ఆడాడు. ఏదీ పెద్ద క్లబ్బు కాదు.

మాల్టాలో మోకాలికి ఆపరేషన్ జరిగిన మర్నాడు క్లబ్బు మనిషి ఆస్పత్రికి వచ్చాడు. పళ్ళు ఇచ్చి, లాకర్ తాళంచెవి తీసుకుని వెళ్ళాడు. స్లొవేకియాలో కొత్త కోచ్ డ్రెస్సింగ్ రూములో వరసగా అందరితో చెయ్యి కలిపాడు, కిరణ్‌తో తప్ప. ఫిన్‌లాండ్‌లో కిరణ్ ఒక సీజన్లో పద్నాలుగు గోల్స్ చేశాడు. క్లబ్బు మూతపడిందన్న వార్త జట్టు బస్సులో రేడియోలో వచ్చింది. అతనికి ఆ భాష రాదు. గోల్‌కీపర్ అర్థం చెప్పాడు. పోర్చుగల్‌లో సీజన్ మొదటి రోజు తన కొక్కేనికి 27వ నంబరు చొక్కా వేలాడుతోంది. తొమ్మిది మరొకడి ఒంటి మీద ఉంది. సైప్రస్‌లో క్లబ్బు ఫేస్‌బుక్ పేజీలో తన ఫోటో కనిపించింది. కింద ధన్యవాదాలు అని ఉంది. అతను దానికి లైక్ కొట్టాడు.

ఐదు చోట్లా ఎదురు మాట్లాడలేదు. బ్యాగు సర్దుకున్నాడు.

2022లో దోహా తిరిగొచ్చి ఈ క్లబ్బులో చేరాడు. ఇది మూడో సీజన్. ఈ సీజన్లో జట్టులో ఎక్కువ గోల్స్ అతనివే.

మార్చిలో క్లబ్బు మేనేజరు ఫోన్ చేసింది కిరణ్‌కి కాదు, నిత్యానందానికి. వచ్చే సీజన్‌కి మీవాణ్ణి ఉంచుకోవడం లేదు, ఊరికే పంపడం బాగోదు, చివరి మ్యాచ్‌లో వీడ్కోలు చేస్తాం అన్నాడు. డెబ్బయ్యో నిమిషంలో బోర్డు ఎత్తుతారు. బెంచీల మీది ఆటగాళ్ళు రెండు వరసల్లో నిలబడి చప్పట్లు కొడతారు. కిరణ్ ఆ వరసల మధ్య నుంచి బయటికి వస్తాడు. షీల్డు ఇస్తారు. ఈ సంగతి మీరే అతనికి నిదానంగా చెప్పండి అన్నాడు.

నిత్యానందం చెప్పలేదు. తాను రిటైరైన రోజు కంపెనీ వాళ్ళు తనకు శాలువా కప్పారు. కొడుక్కీ అలా జరుగుతుందంటే సంతోషించాడు. శాలువా కొన్నాడు, దండకి చెప్పాడు. అల్ దోహా అల్ జదీదాలో ఒక షాపులో ఫ్లెక్సీ వేయించాడు.

చివరి మ్యాచ్ ఆ శుక్రవారమే. మధ్యాహ్నం కిరణ్ వచ్చేసరికి హన్మాండ్లు ఆ ఫ్లెక్సీని కంచెకు కడుతున్నాడు. హన్మాండ్లుది కామారెడ్డి దగ్గర పల్లె. క్లబ్బులో గడ్డికి నీళ్ళు పెడతాడు, గడ్డి కోస్తాడు, తెల్ల గీతలు గీస్తాడు. దుబాయిల గడ్డికి నీళ్ళు పెట్టేతందుకు గూడ మనిషి గావాల్నా అని, గల్ఫంతా దుబాయే అనుకునే అతని భార్య ఎల్లవ్వ ఇప్పటికీ ఫోనులో అడుగుతుంది.

ఫ్లెక్సీ మధ్యలో కిరణ్ ఫోటో ఉంది. చుట్టూ ఐదు క్లబ్బుల గుర్తులు. కింద 'వీడ్కోలు' అని, ఆ కింద 2009 – 2025 అని ఉంది.

"ఏడికి వోతున్నవ్ సారూ? నాతోని ఒక్క మాట జెప్పకపోతివి."

"నేనెక్కడికి వెళ్తున్నాను బాబాయ్?"

"నాకేమెర్క. గిట్ల రాసిండ్రు గద."

కిరణ్ చదివాడు. "ఎవరిచ్చారిది?"

"మీ నాయిననే. గాడిల ఏస్కొచ్చిండు. ముడతలు వడకుంట గట్టుమన్నడు." హన్మాండ్లు ముడి బిగించి వెనక్కి జరిగాడు. "కోపానికి రాకు సారూ. మా దిక్కు ఫోటో కింద రెండు సాల్లు రాసి, నడుమ గీత గీసిండ్రంటే ఆ మనిషి లేనట్టే. పదకొండో దినం గడ్తరు. దండొక్కటే తక్కువున్నది."

"దండ కూడా తెచ్చే ఉంటారు."

"తెచ్చిండు. ఆఫీసుల ఫ్రిజ్జిల వెట్టిండ్రు."

నిత్యానందం, సుకుమారి స్టాండులో ముందు వరసలో కూర్చున్నారు. వెనక తెలుగు చర్చి సంఘం వాళ్ళు నలభై మంది ఉన్నారు. బస్సు మాట్లాడుకుని వచ్చారు. కిరణ్ కంచె దగ్గరికి వెళ్ళి తండ్రిని పిలిచాడు.

"డాడీ, ఆట మానేస్తానని మీతో ఎప్పుడైనా అన్నానా?"

"అనాలేంట్రా? ముప్ఫై నాలుగు వచ్చాయి. ఎంత గౌరవంగా పంపుతున్నారో చూడు. పాస్టర్ గారు కూడా వచ్చారు."

"నన్నొక మాట అడగాల్సింది కదా."

"అడిగితే వద్దంటావు."

"అంటే మీకు తెలుసన్నమాట."

సుకుమారి భర్త వైపు తిరిగింది. "మీ రిటైర్మెంటుకి మీరు ఏడ్చారు. వాడు కూడా ఏడిస్తే గాని మీకు తృప్తి లేదు."

"నువ్వూరుకో సుకుమారీ. నలుగురూ వింటున్నారు."

"విననీండి. ఆ దండ ఫ్రిజ్జులోంచి తియ్యకండి. నేను చూడలేను."

డ్రెస్సింగ్ రూములో కిరణ్ మేనేజరుతో మాట్లాడాడు. తాను ఆట మానడం లేదని, వీడ్కోలు వద్దని చెప్పాడు. సీజన్ అయ్యాక పంపేస్తే పంపేయండి, వేరే చోట ఆడుకుంటాను అన్నాడు. అతిథులు వచ్చేశారని మేనేజరు అన్నాడు. బోర్డు ఎత్తినప్పుడు బయటికి రాకపోతే ఈ రాత్రికే కాంట్రాక్టు రద్దవుతుందని, మాట విననివాడని దోహాలో మిగతా క్లబ్బులన్నిటికీ చెబుతామని అన్నాడు. ఆ గదిలో ఉన్న ముగ్గురు ఆటగాళ్ళు ఈ మాట విన్నారు.

వాళ్ళలో ఒకడు రయీస్, పదిహేడో నంబరు. కిరణ్ బదులు లోపలికి వెళ్ళాల్సినవాడు. కోజికోడ్ కుటుంబం, అతనూ దోహాలోనే పుట్టాడు. ఆ సీజన్లో మొత్తం కలిపి గంటన్నర కూడా ఆడలేదు.

"వచ్చెయ్ భాయ్," అని హిందీలో అన్నాడు. "షీల్డు తీసుకుని ఇంటికి పట్టుకెళ్ళు. వచ్చే వారం వేరే క్లబ్బు వెతుక్కో. ఎవరాపుతారు?"

"ఆ ఫ్లెక్సీ ఆపుతుంది. రిటైరైనవాణ్ణి ఎవరు తీసుకుంటారు?"

"మరి నా సంగతి?"

కిరణ్ బూట్ల తాళ్ళు కట్టుకున్నాడు.

డెబ్బయ్యో నిమిషానికి స్కోరు ఒకటి ఒకటి. బంతి బయటికి వెళ్ళింది. బోర్డు లేచింది. లౌడ్ స్పీకర్లో పాట మొదలైంది. బెంచీల మీది ఆటగాళ్ళు లేచి రెండు వరసల్లో నిలబడి చప్పట్లు కొట్టారు. వరసల చివర నిత్యానందం మడత విప్పిన శాలువాతో నిలబడ్డాడు. కిరణ్ సెంటర్ సర్కిల్ దగ్గర నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

రిఫరీ అతని దగ్గరికి నడిచాడు.

"వెళ్తున్నావా?"

"లేదు."

"నిన్ను మార్చారు. బోర్డు చూశావా?"

"చూశాను. వెళ్ళను."

మార్చాల్సిన ఆటగాడు బయటికి రావడానికి ఒప్పుకోకపోతే ఆట కొనసాగాలి. ఫుట్‌బాల్ నిబంధనల్లో అలాగే ఉంది. రిఫరీ కోచ్ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఈల వేశాడు. పాట ఇంకా వస్తూనే ఉంది. కాసేపటికి ఎవరో ఆపారు. రెండు వరసల్లో చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగాయి. ఆ మధ్య నుంచి ఎవరూ రాలేదు.

"యల్లా, నడు, బయటికి రా," అని కోచ్ గీత దగ్గర నుంచి అరిచాడు. కంచె దగ్గర నుంచి హన్మాండ్లు తెలుగులో అరిచాడు.

"ఆడు సారూ. గడ్డి నాది. నేను పొమ్మంటలేను."

కిరణ్ చివరిదాకా ఆడాడు. ఎనభై నాలుగో నిమిషంలో అతని షాట్ కుడి పోస్టుకు తగిలి బయటికి పోయింది. మ్యాచ్ ఒకటి ఒకటిగా ముగిసింది. రయీస్ ట్రాక్ సూట్ విప్పి, చివరిదాకా గీత దగ్గరే నిలబడ్డాడు.

"సారీ," అన్నాడు కిరణ్.

"పరిగెత్తింది నువ్వు, కాళ్ళు పీకింది నాకు," అన్నాడు రయీస్. ఆ తర్వాత నెల రోజులు అతనితో మాట్లాడలేదు.

పార్కింగులో నిత్యానందం కారు స్టార్ట్ చేయలేదు. శాలువా ఒళ్ళో ఉంది. కంచె నుంచి విప్పిన ఫ్లెక్సీ డిక్కీలో ఉంది.

"ఏం పనిరా ఇది, నలుగురిలో?"

"ఐదు క్లబ్బుల్లో పొమ్మన్నారు డాడీ. పోయాను. ఒక్కచోట కూడా ఎందుకని అడగలేదు. ఇక్కడ మీతో పొమ్మనిపించారు."

"మోకాలు చూసుకున్నావా?"

"నా మోకాలు. అది ఆగమన్న రోజు నేనే ఆగుతాను. ఆ రోజు తేదీ మీకే మొదట చెబుతాను. అప్పుడు వేయించండి ఫ్లెక్సీ."

వెనక సీటులోంచి సుకుమారి అంది. "కారు తియ్యండి. వాడికి ఆకలేస్తోంది."

మేనేజరు అన్న మాట నిలబెట్టుకున్నాడు. కాంట్రాక్టు ఆ రాత్రే రద్దయింది. వేసవి అయ్యేలోగా నాలుగు క్లబ్బులు కిరణ్‌ని కాదన్నాయి. ఒక క్లబ్బు కోచ్, నువ్వు రిటైరయ్యావని విన్నానే అన్నాడు. లేదు అని కిరణ్ చెప్పాడు. రోజూ ఎండెక్కకముందే అబూ హమూర్ బడి వెనక నేల మీద ఒక్కడే పరిగెత్తేవాడు. జూన్ నుంచి నిత్యానందం గోల్ వెనక నిలబడి బంతులు తిరిగి ఇచ్చేవాడు.

ఫ్లెక్సీ ఇప్పుడు దోహా బయట అల్ షహానియాలో ఉంది. అక్కడ ఒంటెల ఫారంలో పనిచేసే పోశన్న, హన్మాండ్లు ఊరివాడు, దాన్ని గడ్డి మోపుల మీద కప్పాడు. ఫోటో ఉంది, ఐదు గుర్తులు ఉన్నాయి. గీత దాకా ఉంది. 2025 ఉన్న మూల లేదు. కత్తెరతో తిన్నగా కోశారు.

"నేను గొయ్యలే," అన్నాడు హన్మాండ్లు. "వాళ్ళ నాయిన డిక్కీలకెల్లి తీసిచ్చిండు. నా చేతికొచ్చినప్పుడే ఆ మూల లేకుండె."

నిత్యానందాన్ని అడిగితే, ఫ్లెక్సీ షాపువాడు మంచివాడనీ, రంగు వెలవలేదనీ చెప్పాడు.

సెప్టెంబరులో మరో రెండో డివిజన్ క్లబ్బులో ఒక స్ట్రైకర్ కాలు విరిగింది. ఆ క్లబ్బు రాజ్ కిరణ్‌ని తీసుకుంది. తొమ్మిదో నంబరు ఖాళీ లేదు. పంతొమ్మిది ఇచ్చారు. సెప్టెంబరు 26, శుక్రవారం మొదటి మ్యాచ్ జరిగింది. అరవై ఎనిమిదో నిమిషంలో బోర్డు మీద 19 ఆకుపచ్చగా వెలిగింది. రాజ్ కిరణ్ లోపలికి వెళ్ళాడు.